‘నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్’లో డ్వేన్ జోన్స్ వాటా

‘నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్’ గురించి ఎవరు రాసినా ఒక మాట తప్పకుండా వస్తుంది. 1967లో అమెరికాలో తీసిన ఒక హారర్ సినిమాకి నల్లజాతి నటుడు హీరో కావడం అనుకోకుండా జరిగిందట. స్క్రిప్టులో హీరో రంగు గురించి ఎక్కడా లేదట. ఆడిషన్‌లో డ్వేన్ జోన్స్ అందరికంటే బాగా చేశాడు కాబట్టి తీసుకున్నారట. అందుకని ఆ సినిమాలో మనకు కనిపించే జాతి వివక్ష అంతా మనం తర్వాత చూసుకున్నదేనట. దర్శకుడు జార్జ్ రొమేరో కూడా హీరో ఎంపిక గురించి ఏళ్ల తరబడి ఇలాగే చెబుతూ వచ్చాడు.

ఇందులో ఎంపిక గురించిన మాట నిజమే. దాన్నుంచి లాగుతున్న అర్థాన్ని మాత్రం నేను ఒప్పుకోను. ఎంపిక అనుకోకుండా జరిగి ఉండొచ్చు, ఎంపికయ్యాక జరిగినవి అలా జరగలేదు. తను ఏం చేస్తున్నాడో, దాన్ని థియేటర్లో కూర్చున్నవాళ్లు ఎలా చూస్తారో, బయటికి వెళ్లాక తనకేం కావచ్చో బాగా తెలిసిన మనిషి ఒకడు ఆ సెట్‌లో ఉన్నాడు. ఈ సినిమా గొప్పతనంలో అతని వాటా ఇప్పటిదాకా ఇచ్చినదానికంటే చాలా ఎక్కువని నా వాదన. కథ మొత్తం చెప్పకుండా, ముగింపు దాచిపెట్టి ఈ వాదన చేయడం కుదరదు. చూడనివాళ్లు ముందు చూసి రండి, 96 నిమిషాల సినిమా.

ఎలా తీశారో క్లుప్తంగా చెబుతాను. పిట్స్‌బర్గ్‌లో రొమేరో, అతని స్నేహితులు కలిసి ‘లేటెంట్ ఇమేజ్’ అనే చిన్న కంపెనీ నడిపేవాళ్లు. యాడ్ ఫిల్ములు తీయడం వాళ్ల బతుకుతెరువు. ఎప్పటికైనా ఒక పూర్తి సినిమా తీయాలని కోరిక. పదిమంది తలా 600 డాలర్లు వేసుకుని ‘ఇమేజ్ టెన్’ అని ఇంకో కంపెనీ పెట్టారు. అంటే మొదటి పెట్టుబడి 6,000 డాలర్లు. తర్వాత ఇంకొందర్ని కలుపుకుంటూ పోతే మొత్తం ఖర్చు 1,14,000 డాలర్ల దాకా వెళ్లిందని చెబుతారు. హాలీవుడ్ లెక్కలో అది చాలా చిన్న మొత్తం. స్క్రిప్టు రొమేరో, జాన్ రూసో కలిసి రాశారు. 1967 జూన్‌లో మొదలుపెట్టి, యాడ్ పనులు వచ్చినప్పుడల్లా ఆపుకుంటూ, డిసెంబర్ దాకా షూటింగ్ చేశారు. పిట్స్‌బర్గ్‌కి ఉత్తరాన ఇవాన్స్ సిటీ అనే చిన్న ఊరు దగ్గర, ఎలాగూ కూల్చేయబోతున్న ఒక పాత ఫార్మ్‌హౌస్ దొరికింది. అందులో నీళ్ల కనెక్షన్ కూడా లేదు. తెరమీద ఆ ఇంటి సెల్లార్ (నేలమాళిగ) అని మనకు కనిపించేది నిజానికి పిట్స్‌బర్గ్‌లో వాళ్ల ఆఫీసు బిల్డింగ్ కింది భాగం. రక్తానికి చాక్లెట్ సిరప్ వాడారు. బ్లాక్ అండ్ వైట్ కాబట్టి సరిపోయింది. జాంబీలు, అంటే లేచి తిరిగే శవాలు, నమిలేది కాల్చిన పందిమాంసం, మాంసం కొట్టు నుంచి తెచ్చిన పేగులు. సంగీతం మొత్తం, రికార్డు చేసి ఉంచిన సంగీతం అమ్మే లైబ్రరీ నుంచి కొనుక్కున్న పాత ముక్కలు.

ఒక్కొక్కరూ నాలుగైదు పనులు చేశారు. హ్యారీ కూపర్‌గా నటించిన కార్ల్ హార్డ్‌మన్ నిర్మాతల్లో ఒకడు, మేకప్ చేశాడు, ఎలక్ట్రానిక్ సౌండ్ ఎఫెక్టులు చేశాడు. అతని భార్యగా నటించిన మెరిలిన్ ఈస్ట్‌మన్ కూడా మేకప్ పని చూసింది, పైగా ఒక సీన్లో చెట్టుమీది పురుగుని తీసి తినే జాంబీ కూడా ఆవిడే. వాళ్ల కూతురి పాత్ర వేసిన కైరా షోన్ హార్డ్‌మన్ సొంత కూతురు. సినిమా మొదట్లోనే చచ్చిపోయే జానీగా నటించిన రస్సెల్ స్ట్రైనర్ ఇంకో నిర్మాత. ఇవన్నీ సరదాగా చెప్పుకోవడానికి బాగుంటాయి. కానీ ఈ సినిమా గురించి రాసేవాళ్లు చాలామంది ఇక్కడే ఆగిపోతారు. తక్కువ డబ్బు, ఎక్కువ కసి, చాక్లెట్ సిరప్. డబ్బు లేకపోవడం ఏ సినిమానీ గొప్పది చేయదు. అదే కాలంలో ఇంతే డబ్బుతో తీసిన హారర్ సినిమాలు ఎన్నో ఉన్నాయి, వాటి పేర్లు కూడా ఎవరికీ గుర్తులేవు.

జోన్స్ వేసిన హీరో బెన్ పాత్రకి ముందు అనుకున్న మనిషి వేరే. ఆ బృందంలోనే ఉన్న రూడీ రిచీ వేయాలి. జోన్స్ ఆడిషన్ చూశాక పాత్ర అతనికే ఇవ్వాలని అందరూ అనుకున్నారు, రిచీ కూడా ఒప్పుకున్నాడు. అప్పటికి స్క్రిప్టులో బెన్ ఒక మొరటు ట్రక్ డ్రైవరు. మాట తీరు, భాష అన్నీ దానికి తగ్గట్టే రాశారు. జోన్స్ అలా మాట్లాడటానికి ఇష్టపడలేదు. పిట్స్‌బర్గ్ దగ్గరి డుకేన్ అనే ఊళ్లో 1937లో పుట్టి, పిట్స్‌బర్గ్ యూనివర్సిటీలోనూ, ప్యారిస్ సోర్బాన్‌లోనూ చదివి, రంగస్థలంలో శిక్షణ పొందిన మనిషి. తన డైలాగుల్ని తనే మార్చుకున్నాడు. ఈ సంగతి ఆ బృందంలోనివాళ్లే తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పారు. అంటే మనకు తెలిసిన బెన్, ఆ తొణకని గొంతు, ఆ ఆచితూచి మాట్లాడే పద్ధతి, పేపరు మీద లేడు. స్క్రీన్‌ప్లే క్రెడిట్‌లో రెండు పేర్లే ఉన్నాయి. మూడో పేరు లేకపోవడం ఆ రోజుల్లో ఎవరికీ తప్పుగా తోచి ఉండదు. సెట్‌లో డైలాగులు మార్చిన నటుడికి రచయితగా పేరు వేయడం మన తెలుగు సినిమాల్లో కూడా అరుదే. కానీ ఇక్కడ మారింది ఒకటీ అరా డైలాగు కాదు, మొత్తం మనిషి.

ఇక కథ. బార్బ్రా, ఆమె అన్న జానీ తండ్రి సమాధి మీద పూలు పెట్టడానికి శ్మశానానికి వస్తారు. చెల్లెలికి చిన్నప్పటి నుంచీ సమాధులంటే భయం. జానీ ఆమెను ఏడిపిస్తూ ఉండగా దూరంగా నడిచొస్తున్న ఒక మనిషి హఠాత్తుగా ఆమె మీద పడతాడు. అడ్డుపడిన జానీ తల సమాధి రాయికి కొట్టుకుని చనిపోతాడు. బార్బ్రా పరిగెత్తి పరిగెత్తి ఒక ఖాళీ ఇంట్లో దూరుతుంది. కాసేపటికి బెన్ వస్తాడు. అప్పటి నుంచి తెల్లారేదాకా సినిమా అంతా ఆ ఇంట్లోనే. సెల్లార్‌లో అప్పటికే దాక్కున్నవాళ్లు బయటపడతారు. హ్యారీ, హెలెన్ కూపర్ దంపతులు, కాటు పడి స్పృహలో లేని వాళ్ల కూతురు కరెన్, టామ్, జూడీ అనే కుర్ర జంట. శుక్రగ్రహం నుంచి తిరిగొస్తూ పేలిపోయిన ఉపగ్రహం రేడియేషన్ వల్ల చచ్చినవాళ్లు లేస్తున్నారేమో అని టీవీలో అధికారులు తర్జనభర్జన పడుతుంటారు. తేల్చి చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు.

బెన్ వచ్చిన మొదటి అరగంట చూడండి. అతను మాట్లాడేది తక్కువ. తలుపులు ఊడబీకుతాడు, బల్లలు విరగ్గొడతాడు, మేకులు వెతుకుతాడు, కిటికీలకి చెక్కలు కొడతాడు. పనిచేస్తూనే తను ఆ ఇంటికి ఎలా చేరాడో చెబుతాడు. బీక్‌మన్ హోటల్ దగ్గర పెట్రోలు ట్యాంకరు మంటల్లో దూసుకుపోవడం, వెంటపడ్డ గుంపు, ఆ గుంపు మధ్యలోంచి తను బండి తోలుకుని రావడం. హారర్ సినిమాలో పారిపోయి వచ్చినవాడు ఇలాంటి సంగతి కేకలు పెట్టి చెప్పడం మామూలు. జోన్స్ గొంతు పెంచడు. చేతిలో పని ఆపకుండా, అప్పుడప్పుడూ ఆగి, మళ్లీ తనలో తను మాట్లాడుకున్నట్టు చెప్పుకుపోతాడు. ఆ ట్యాంకరు మనకు తెరమీద ఎక్కడా కనిపించదు, కొనే డబ్బు వాళ్ల దగ్గర లేదు. అయినా నాకు ఈ సినిమాలో చాలా సీన్ల కంటే ఆ ట్యాంకరే బాగా గుర్తుంది. అది పూర్తిగా నటుడి పని.

ఆ తర్వాత బార్బ్రా తన అన్న గురించి చెబుతూ అదుపు తప్పుతుంది. బయటికి వెళ్లి అతన్ని తీసుకురావాలంటుంది. బెన్ వద్దంటే చెంపమీద కొడుతుంది. బెన్ తిరిగి కొడతాడు. ఆమె పడిపోతే తీసుకెళ్లి సోఫాలో పడుకోబెడతాడు. తర్వాత అల్మారాలో తుపాకీతోపాటు ఒక జత చెప్పులు దొరికితే తెచ్చి, కింద కూర్చుని, ఆమె పాదాలకి తొడుగుతాడు.

ఈ రెండు సీన్లూ 1967లో తీశారని గుర్తుపెట్టుకోవాలి. నల్లవాళ్లు, తెల్లవాళ్లు పెళ్లి చేసుకోకూడదనే చట్టాలు చెల్లవని అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది 1967 జూన్ 12న. ఈ సినిమా షూటింగ్ మొదలైన నెల అది. తర్వాతి నెలలో జాతి అల్లర్లలో డెట్రాయిట్ నగరం తగలబడింది. అలాంటి ఏడాదిలో ఒక నల్లజాతి మగవాడు తెల్ల అమ్మాయిని కొట్టడం, ఆమె కాలికి చెప్పులు తొడగడం, ఇద్దరూ ఒక ఖాళీ ఇంట్లో ఒంటరిగా ఉండటం. రొమేరో, అతని స్నేహితులు దీని గురించి పెద్దగా ఆలోచించలేదు. స్క్రిప్టులో రంగు ప్రస్తావన తేకపోవడమే ఆధునికత అనుకున్నామని రొమేరో తర్వాత చెప్పాడు. ఆలోచించినవాడు జోన్స్. ఆ కొట్టే సీన్ గురించి తనే ప్రశ్న లేవనెత్తాడు. అక్కడున్న తెల్లవాళ్లకి అది కథలో ఒక సంఘటన. అతనికి, షూటింగ్ అయ్యాక రోడ్డు మీదికి వెళ్లాల్సిన శరీరం తనది.

ఆ భయం ఉత్తదేమీ కాదు. షూటింగ్ రోజుల్లో ఒక రాత్రి, బృందంలోని ఒక తెల్ల అమ్మాయితో కలిసి కారులో తిరిగొస్తుంటే కొందరు కుర్రాళ్లు ఇనప కడ్డీ ఊపుతూ తమను వెంబడించిన సంగతి జోన్స్ తన చివరి ఇంటర్వ్యూల్లో ఒకదాంట్లో చెప్పాడు. తాము సినిమాలో తీస్తున్న పీడకల కంటే అమెరికాలోని అసలు పీడకలే ఘోరంగా ఉందని ఆ రాత్రి అనిపించిందనీ, అది మనసులోంచి ఎప్పటికీ పోలేదనీ అన్నాడు. పగలంతా తెల్లవాళ్ల గుంపు ఇంటిని చుట్టుముడితే చెక్కలు కొట్టుకుంటూ నటించి, రాత్రి అదే జిల్లా రోడ్డు మీద తెల్ల కుర్రాళ్ల గుంపు నుంచి తప్పించుకుని వచ్చిన మనిషి. ఇతని నటనలో ఉన్నదంతా యాదృచ్ఛికం అని మనం ఎలా అనగలం?

గుంపు అన్నాను కాబట్టి ఇంకో సంగతి. జాంబీ అనేది రొమేరో కనిపెట్టింది కాదు. హైతీ జానపద నమ్మకాల్లో జాంబీ అంటే మంత్రగాడు లేపిన శవం. దానికి తన ఇష్టమంటూ ఉండదు, యజమాని చెప్పిన చాకిరీ చేస్తుంది. చెరకు తోటల్లో చచ్చేదాకా పనిచేసిన బానిసల పిల్లలకి, చచ్చాక కూడా చాకిరీ తప్పదేమో అన్నదానికంటే పెద్ద భయం ఏముంటుంది? 1915 నుంచి 1934 దాకా అమెరికా సైన్యం హైతీని ఆక్రమించుకుని ఉన్నప్పుడే ఆ కథలు అమెరికా చేరాయి, 1932 నుంచి సినిమాల్లోకి వచ్చాయి. అక్కడ మాత్రం భయం అటుది ఇటయింది. తెల్ల ప్రేక్షకుడు నల్లవాళ్ల మంత్రతంత్రాలకి భయపడాలి, అదీ ఆ సినిమాల లెక్క. రొమేరో సినిమాలో మంత్రగాడు లేడు, యజమాని లేడు. లేచి వచ్చేది ఇరుగుపొరుగు. నైట్‌గౌను వేసుకున్న ముసలమ్మ, సూటు వేసుకున్న పెద్దమనిషి. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు సరదాగా వచ్చి ఆ వేషాలు వేశారు, వాళ్లు తెల్లవాళ్లు. వాళ్లందరి మధ్యా ఇంట్లో చిక్కుకున్నది ఒక నల్లమనిషి. రిచీ బెన్‌గా నటించి ఉంటే ఇదే గుంపుకి ఈ అర్థం ఉండేది కాదు.

ఇప్పుడు అందరూ తగువులాడే సెల్లార్ గొడవకి వస్తాను. హ్యారీ అంటాడు: సెల్లార్‌కి ఒకే తలుపు, బిగించుకుని కూర్చుంటే ఎవరూ రాలేరు. బెన్ అంటాడు: పైన కిటికీలున్నాయి, రేడియో ఉంది, కావాలంటే పారిపోవచ్చు. కింద ఇరుక్కుంటే అది చావుగొయ్యి. ఇద్దరూ అరుచుకుంటారు. హ్యారీ పిరికివాడు, అహంకారి, కోపిష్టి. మనం బెన్ వైపు ఉంటాం. కానీ సినిమా అయ్యాక లెక్క చూసుకుంటే హ్యారీ చెప్పిందే నిజమైంది. పెట్రోలు కోసం బయటికి వెళ్లాలన్న ప్లాన్‌లో టామ్, జూడీ ట్రక్కులో కాలిపోతారు. కిటికీల చెక్కలు ఊడిపోతాయి. గుంపులో ఒకడిగా తిరిగొచ్చిన జానీ, బార్బ్రాని లాక్కుపోతాడు. చివరికి బెన్ తెల్లారేదాకా బతికింది ఎక్కడంటే, తను చావుగొయ్యి అన్న ఆ సెల్లార్‌లోనే.

దీన్ని కొందరు స్క్రిప్టు లోపం అంటారు. నా దృష్టిలో బెన్‌ని మనిషిని చేసింది ఇదే. ఆ రోజుల్లో హాలీవుడ్‌లో నల్లజాతి హీరో అంటే సిడ్నీ పోయిటియర్. 1967లోనే ఆయన సినిమాలు మూడు వచ్చాయి, మూడూ బాగా ఆడాయి. ఆయన గొప్ప నటుడు, అందులో అనుమానం లేదు. కానీ ఆయనకి ఇచ్చే పాత్రలు మచ్చలేని మనుషులవి. పెద్ద డాక్టరు, తెలివైన డిటెక్టివ్. తెల్ల ప్రేక్షకుడు ఒప్పుకోవాలంటే నల్లవాడు అందరికంటే మంచివాడై, అందరికంటే తెలివైనవాడై ఉండాలి. బెన్‌కి ఆ బరువు లేదు. అతను తప్పు చేస్తాడు. మొండిగా వాదిస్తాడు. తలుపు తీయకుండా తనను బయటే వదిలేసిన హ్యారీని చితకబాదుతాడు, చివరికి తుపాకీతో కాలుస్తాడు. నల్లమనిషి ఒక తెల్ల కుటుంబ యజమానిని కాల్చి, అయినా హీరోగానే మిగలడం అప్పటి తెరమీద మామూలు విషయం కాదు. జోన్స్ ఆ కాల్పులో ఎక్కడా క్షమాపణ చూపించలేదు, సంతోషం కూడా చూపించలేదు. ఇంకా చేయాల్సిన పని ఉన్నవాడిలా చేశాడు.

హ్యారీ గురించి కూడా ఒక మాట. ఇంట్లో పెత్తనం ఎవరిదన్న గొడవలో హ్యారీ నోట రంగు మాట ఒక్కటి కూడా రాదు. సినిమా మొత్తంలో ఎవరి నోటా రాదు. ‘చూశారా, సినిమాలో జాతి ప్రస్తావనే లేదు’ అని వాదించేవాళ్లకి ఇదే ఆధారం. నాకు అదే తిరుగులేని సాక్ష్యంలా కనిపిస్తుంది. బెన్ చెప్పే ప్రతి మాటకీ హ్యారీకి ఎందుకంత మంట పుడుతోందో ఎవరూ చెప్పక్కర్లేదు. 1968లో థియేటర్లో కూర్చున్న ఎవరికైనా అది తెలుసు. నోటితో అనిపించి ఉంటే సినిమా చిన్నదైపోయేది.

ముగింపు. కూతురు కరెన్ లేచి తండ్రిని తింటుంది, తల్లిని తాపీతో పొడిచి చంపుతుంది. బెన్ సెల్లార్‌లోకి దిగి తలుపు బిగించుకుంటాడు. తెల్లారుతుంది. కుక్కలతో, తుపాకులతో ఊరి జనం షెరీఫ్ (అక్కడి పోలీసు అధికారి) వెంట పొలాల్లో జాంబీలను వేటాడుకుంటూ వస్తారు. తుపాకుల చప్పుడు విని బెన్ పైకొస్తాడు, కిటికీ దగ్గర నిలబడి చూస్తాడు. బయటినుంచి ఒకడు గురిచూసి అతని నుదుటి మీద కాలుస్తాడు. మంచి గురి అని షెరీఫ్ మెచ్చుకుంటాడు, మంటలో వేయడానికి ఇంకొకటి దొరికిందంటాడు. తర్వాత కదిలే బొమ్మ ఉండదు. పేపర్లో అచ్చయిన ఫొటోల్లాంటి గరుకు ఫొటోలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. కొక్కేలతో బెన్ శవాన్ని లాగుతున్న మనుషులు, చుట్టూ నిలబడ్డ ముఖాలు, కట్టెల కుప్ప. ఆ ఫొటోలు తీసింది హ్యారీగా నటించిన హార్డ్‌మనే. అమెరికాలో నల్లవాళ్లను గుంపులు కొట్టి, ఉరితీసి, కాల్చి, పక్కన నిలబడి ఫొటోలు దిగి, వాటిని పోస్టుకార్డులుగా అచ్చువేసి అమ్మిన చరిత్ర ఉంది. ఆ పోస్టుకార్డులు ఒకసారి చూసినవాళ్లకి ఈ ఫొటోలు వేరేగా కనిపించవు.

ఇక్కడ నా వాదనకి ఎదురొచ్చే విషయం ఒకటుంది, దాన్ని దాటవేయను. బెన్ చనిపోవడం జోన్స్ రాకముందే స్క్రిప్టులో ఉంది. రిచీ చేసినా బెన్ చనిపోయేవాడే. కాబట్టి ముగింపు జోన్స్ ఆలోచన కాదు. కానీ సెట్‌లో వేరే ముగింపుల గురించి మాటలు నడిచాయి, బెన్‌ని బతికిద్దామా అన్న ఆలోచన కూడా వచ్చింది. అప్పుడు వద్దన్నవాళ్లలో జోన్స్ ఉన్నాడు. దేశంలో అన్ని జరిగాక, నల్లజాతి ప్రేక్షకులు తనను ఒక నాటకీయమైన అబద్ధంతో బతికించడం కంటే తను చచ్చిపోవడమే చూడాలనుకుంటారని ఆయన వాదించాడు. దీన్ని మళ్లీ మళ్లీ చదివాను. ఎవరో రాసిన ముగింపులో నటించడం వేరు. దాని అర్థం తెలిసి, అది తన ఒంటికి ఏం చేస్తుందో తెలిసి, అదే ఉండాలని నిలబడటం వేరు. తెలియకుండా పేపరు మీద పడిన ముగింపుకి అర్థం తెలిసిన మనిషి వేసిన సంతకం అది.

సినిమా చేతికొచ్చాక పెద్ద కంపెనీల దగ్గరికి తీసుకెళ్లారు. కొలంబియా వాళ్లు బ్లాక్ అండ్ వైట్ అని వద్దన్నారు. అమెరికన్ ఇంటర్నేషనల్ వాళ్లు ముగింపు మార్చి బెన్‌ని బతికిస్తే తీసుకుంటామన్నారు. జేబులు ఖాళీగా ఉన్న యాడ్ ఫిల్ముల కుర్రాళ్లు ఆ బేరం వదులుకున్నారు. ఈ విషయంలో రొమేరోకి, మిగతావాళ్లకి ఇవ్వాల్సిన గౌరవం ఇవ్వాలి. వాటా అడుగుతున్నానంటే వాళ్లది తగ్గించమని కాదు. ప్రింటు కారు డిక్కీలో పెట్టుకుని రొమేరో, స్ట్రైనర్ న్యూయార్క్ వెళ్తుండగా రేడియోలో వార్త విన్నారు. మార్టిన్ లూథర్ కింగ్‌ని కాల్చి చంపారు. 1968 ఏప్రిల్ 4. తాము తీసిన సినిమా ఏమిటో దాన్ని తీసినవాళ్లకి అప్పుడు తట్టింది. జోన్స్‌కి ఏడాది ముందే తెలుసు.

వాల్టర్ రీడ్ సంస్థ సినిమా కొని 1968 అక్టోబర్ 1న పిట్స్‌బర్గ్‌లో విడుదల చేసింది. వయసును బట్టి రేటింగులిచ్చే పద్ధతి అమెరికాలో మొదలైంది నవంబర్‌లో. ఆ మధ్యలో మధ్యాహ్నం ఆటకి వచ్చిన చిన్నపిల్లలు థియేటర్లో ఏడుస్తూ కూర్చోవడం గురించి విమర్శకుడు రోజర్ ఈబర్ట్ రాశాడు. మొదట తిట్లు చాలా పడ్డాయి. తర్వాత అర్ధరాత్రి ఆటల్లో ఏళ్ల తరబడి ఆడింది, 1970లో న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో ప్రదర్శించారు, 1999లో అమెరికా జాతీయ చలనచిత్ర సంపదలో చేర్చారు.

డబ్బు మాత్రం తీసినవాళ్లకి రావాల్సినంత రాలేదు. సినిమాకి ముందు పెట్టిన పేరు ‘నైట్ ఆఫ్ ద ఫ్లెష్ ఈటర్స్’. పేరు మార్చి కొత్త టైటిల్ కార్డు వేసినప్పుడు, పాత కార్డు మీద ఉన్న కాపీరైట్ గుర్తు కొత్తదాని మీద వేయలేదు. అప్పటి చట్టం ప్రకారం ఆ గుర్తు లేకుండా విడుదలైతే హక్కు పోయినట్టే. ఎవరైనా ప్రింటు తీసుకోవచ్చు, అమ్ముకోవచ్చు, టీవీలో వేసుకోవచ్చు. అలా అందరికీ ఉచితంగా దొరకడం వల్లే ఇది కల్ట్ సినిమా అయిందని, కాబట్టి అంతా మంచికే జరిగిందని చెబుతుంటారు. కరిచినవాడి రోగం కరిపించుకున్నవాడికి అంటడం, తలమీద కొడితేనే చావడం, ఒక ఇంట్లో ఇరుక్కున్న నలుగురు, ఇవన్నీ ప్రపంచమంతా పాకాయి. 2021లో ప్రశాంత్ వర్మ కోవిడ్ రోజుల్ని, రాయలసీమ ముఠా కక్షల్ని కలిపి తెలుగులో ‘జాంబీ రెడ్డి’ తీసినా, పునాది ఆ ఇవాన్స్ సిటీ ఇంట్లో పడిందే. కానీ ఈ నియమాలు వాడుకోవడానికి ఎవరి కాపీరైటూ అడ్డు కాదు, ఆలోచనల మీద ఎవరికీ హక్కుండదు. పోయింది ఆ పదిమంది కష్టార్జితం. దాన్ని అదృష్టం అనడం నాకు నచ్చదు.

ఇంకో నష్టం గురించి ఎవరూ మాట్లాడరు. ఉచితంగా దొరికే ప్రింట్లు కాపీకి కాపీ, దానికి ఇంకో కాపీ. నేను ఈ సినిమాని మొదట చూసింది అలాంటి దాంట్లోనే, ఫోన్‌లో. అలాంటి కాపీల్లో ముందు పోయేవి నల్లటి భాగాల్లోని వివరాలు. తెల్లటి ముఖాలు పేలిపోయినంత వెలుగులో ఉంటాయి, చీకటి అంతా ఒకే ముద్ద. ఆ ముద్దలో పోయింది డ్వేన్ జోన్స్ ముఖం. కళ్లతో, దవడతో అతను చేసిన పని దశాబ్దాలపాటు చాలామందికి అక్షరాలా కనిపించలేదు. మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్, ఫిల్మ్ ఫౌండేషన్ కలిసి అసలు నెగెటివ్ నుంచి బాగుచేసిన 4కె ప్రింటు 2016లో వచ్చాక, నాకు ఇది కొత్త సినిమాలా అనిపించింది. హ్యారీ అరుస్తున్నప్పుడు బెన్ బదులు చెప్పేముందు ఒక్క క్షణం అతన్ని కొలిచినట్టు చూస్తాడు. ఇలాంటి గొంతులు జీవితంలో చాలా విన్నవాడి చూపు అది. పాత కాపీల్లో అక్కడ నాకు ఒక గొంతు మాత్రమే వినిపించేది.

జోన్స్ తర్వాత 1973లో బిల్ గన్ తీసిన ‘గాంజా అండ్ హెస్’లో ఇంకా గొప్పగా నటించాడు. సాహిత్యం పాఠాలు చెప్పాడు, నాటకాలు నడిపించాడు, తన పేరు ఈ ఒక్క సినిమాకే అతుక్కుపోవడం ఇష్టపడలేదు. 1988లో 51 ఏళ్లకే పోయాడు. ఆ తర్వాత రెండేళ్లకి, 1990లో, రొమేరో రాసిన కొత్త స్క్రిప్టుతో టామ్ సావిని ఈ సినిమాని రంగుల్లో మళ్లీ తీశాడు. అందులో బార్బరా ధైర్యవంతురాలు, మేకప్ ఎన్నో రెట్లు మేలు, టోనీ టాడ్ బెన్‌గా బాగా చేశాడు. కానీ అందులో బెన్ చనిపోయి జాంబీ అయ్యాక కాలుస్తారు. తెల్లవారుజామున తుపాకులతో వచ్చినవాళ్లు బతికున్న బెన్‌ని కాల్చరు. ఒక్క మార్పు, అంతే. ఆ సినిమా చూసి నాకు భయమేసింది, కోపం రాలేదు.

కొత్తగా చూడబోయేవాళ్లు బాగుచేసిన ప్రింటే వెతుక్కోండి, మంచి సినిమాలను డిస్కులుగా వేసే క్రైటీరియన్ కంపెనీ వాళ్లు 2018లో విడుదల చేశారు. చూశాక దాని గురించి రాస్తే, రొమేరో పేరు రాసిన చోటే డ్వేన్ జోన్స్ పేరు కూడా రాయండి. ఆడిషన్‌లో బాగా చేసిన నటుడిగా కాదు, సినిమా తయారుచేసినవాళ్లలో ఒకడిగా.